వంశధార ఒడ్డున ‘మా రేవా’

ఇండియన్ ఓషన్ బ్యాండు పాడిన ‘మా రేవా’ ఎన్నేళ్లుగా వింటున్నానో లెక్కలేదు. 2000లో వచ్చిన ‘కందిసా’ ఆల్బమ్‌లోది. రేవా అంటే నర్మదే. నర్మద మీద పెద్ద ఆనకట్టలు వద్దంటూ సాగిన నర్మదా బచావో ఆందోళనలో తిరిగిన రోజుల్లో, బ్యాండులోని రాహుల్ రామ్ అక్కడి జనం దగ్గర నేర్చుకున్న జానపదం అది. నది పాటను నది పక్కనే వినాలనిపించి, సంక్రాంతి వెళ్లాక శ్రీకాకుళం వెళ్లాను. రెండు రోజులు వంశధార వెంట తిరిగాను.

రైలు దిగేది శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో. అది ఆమదాలవలసలో ఉంది, ఊళ్లోకి ఆటోలో వెళ్లాలి. లాడ్జి విషయంలో మోసపోయాను. ముందే డబ్బు కట్టిన ఏసీ రూమ్ వేరేవాళ్లకి ఇచ్చేశారు, ఇచ్చిన దాంట్లో వేడినీళ్లు రాలేదు. రూమ్ చూసుకున్నాకే డబ్బు కట్టండి. కారు మాత్రం బాగా కుదిరింది. డ్రైవర్ అన్న ఎక్కడా తొందరపెట్టలేదు, పొద్దున్నే రోడ్డు పక్కన చోడి (రాగి) అంబలి తాగించాడు. ఆ రోజు టిఫిన్ గుర్తే రాలేదు.

మొదట శాలిహుండం. ఈ కొండ మీది బౌద్ధ స్తూపాలను 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి గారే. ఎండెక్కకముందే ఎక్కితే కింద వంశధార తీరిగ్గా పారుతూ కనబడుతుంది. అక్కణ్ణించి నది సముద్రంలో కలిసే కళింగపట్నం. లైట్‌హౌస్ బాగుంది గానీ నీడ తక్కువ, మంచినీళ్లు వెంట ఉంచుకోండి. పాట కోసమైతే సముద్రం దగ్గర వద్దు, హోరులో ఏమీ వినబడదు.

నాకు నచ్చింది రెండో రోజు వెళ్లిన ముఖలింగం. తూర్పు గాంగుల ఒకప్పటి రాజధాని కళింగనగరం ఇదేనంటారు. మధుకేశ్వరుడి గుడి గోడల మీద శిల్పాలు చూస్తూ పూట గడిపేయొచ్చు. ఒక్కరోజే ఉంటే మిగతావన్నీ వదిలేసి ఇక్కడికే రండి.

గుడి చూసి ఏటి ఒడ్డున కారు ఆపి పాట పెట్టాను. తర్వాత అదే బ్యాండు పాటలు ఒక్కొక్కటే వస్తున్నాయి. ఒక దాంట్లో బ్యాండులోని అమిత్ కిలమ్ వాయించే గబ్‌గుబి అనే జానపద వాద్యం మోగగానే డ్రైవర్ అన్న తల తిప్పాడు.

“ఏటండీ, ఇది మా జముకు మోతలాగుంది!”

ఒళ్లు జలదరించింది. ఇన్నేళ్లలో నాకు తట్టలేదు. తిరుగు దారిలో వాళ్ల మేనమామ ఇంటికి తీసుకెళ్లాడు. ఆయన ఒకప్పుడు జముకుల కథ, అంటే జముకు వాయిస్తూ పాడే కథ, చెప్పేవాడట. అటక మీంచి జముకు దించాడు. కుంచంలాంటి డొల్ల, ఒకవైపు తోలు, తోలు మధ్యలోంచి వచ్చిన నరం. డొల్లను చంకలో ఇరికించి, నరాన్ని లాగిపట్టి మీటితే మోత పైకి లేస్తుంది, వదులు చేస్తే కిందికి జారుతుంది. గబ్‌గుబి పలికేదీ ఇలాగే.

ఫోన్‌లో ఆ గబ్‌గుబి పాట వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు.

“మనోళ్లేనా బాబూ వీళ్లు?”

ఢిల్లీ వాళ్లని చెప్పాను. ఆయన నరం మరికాస్త బిగించి, మళ్లీ పెట్టమన్నాడు.