దొంగ లోపలికి రాకూడదు, మనం మాత్రం బయటపడాలి: ఇంటికీ కారుకీ ఏది మేలు?

పోయిన ఎండాకాలం మా ఇన్వర్టర్ దగ్గర వైరు కాలి హాలంతా పొగ కమ్మేసింది, రాత్రి రెండున్నర అయ్యుంటుంది, ఇన్వర్టర్ మెయిన్ డోర్ పక్కనే కాబట్టి అటు పోలేం, వెనక బాల్కనీలోకి పోదామంటే గ్రిల్ గేటుకి తాళంకప్ప, దాని చెవేమో మా అత్తయ్యగారు దొంగలకి దొరక్కూడదని పోపులపెట్టెలో మెంతుల గిన్నెలో దాచారు. మెయిన్ దింపేస్తే అయిపోతుంది కదా అనుకున్నా, కరెంటు పోగానే ఇన్వర్టర్ బ్యాటరీ మీదకి మారిపోయి ఇంకా కాలుతూనే ఉంటుందని అప్పుడు తెలిసింది. తడి తువ్వాలు మొహానికి చుట్టుకుని వెళ్ళి దాని స్విచ్ ఆపాక గానీ పొగ తగ్గలా (ఆ పని ఎవరూ చేయకండి, నాకు బుద్ధి లేక చేశా).

అప్పట్నుంచి ఏది కొన్నా ఒకటే చూస్తున్నా, ఇది దొంగని ఆపుతుందా అని కాదు, దొంగని ఆపి నన్ను వదుల్తుందా అని.

ముందు గ్రిల్ సంగతి. గోడలోకి బిగించేసిన గ్రిల్ చవక, గట్టి, దొంగకి నిజంగానే కష్టం. కానీ 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఇల్లంటుకుని 17 మంది పోయారే, అక్కడ బయటికి రావడానికి ఉన్నది ఇరుకు మెట్లదారి. రెండో దారి లేని ఇంటికి బిగించిన గ్రిల్ పెట్టామంటే మనమే బోను కట్టుకున్నట్టు. అందుకే ఇంటికి కనీసం ఒక్క కిటికీకైనా తలుపులా తెరుచుకునే గ్రిల్ పెట్టించండి, వెల్డింగ్ అతను ఇంకో రెండు వేలో మూడు వేలో ఎక్కువడుగుతాడు, ఇవ్వండి. దానికి లోపలి నుంచి తాళం, చెవి మాత్రం కిటికీలోంచి చెయ్యి పెడితే అందనంత దూరంలో, ఇంట్లో పిల్లలకి కూడా తెలిసిన మేకుకి వేలాడాలి.

తాళాల్లో కప్ప మేలా, తలుపులోనే ఉండే లాక్ మేలా అంటే ఊరెళ్ళేటప్పుడు రెండోదే. బయట కప్ప వేలాడుతుంటే ఇంట్లో ఎవరూ లేరని బోర్డు పెట్టినట్టే, పైగా కప్ప ఎంత ఖరీదైనదైనా దొంగ దాన్ని ముట్టుకోడు, ఇనుప రాడ్ పెట్టి గొళ్ళేన్నే పీకేస్తాడు. తలుపులోపలి లాక్ కొనేటప్పుడు లోపల వైపు తిప్పితే తెరుచుకునే నాబ్ ఉన్నదే తీసుకోండి, రెండు వైపులా చెవి కావాల్సినది వద్దు, చీకట్లో పొగలో చెవి ఎక్కడ వెతుకుతాం.

కెమెరా గురించి ఎక్కువ చెప్పను. డీవీఆర్, అదే కెమెరా రికార్డింగ్ దాచే పెట్టె, టీవీ పక్కనే పెడితే దొంగ దాన్ని కూడా పట్టుకుపోతాడు, రికార్డింగ్ ఫోన్‌కో క్లౌడ్‌కో వెళ్ళాలి. ఆంధ్రాలో అయితే పోలీసులదే ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) అని ఒకటుంది, దాని యాప్‌లో రిక్వెస్ట్ పెడితే వాళ్ళే వచ్చి తాళం వేసిన ఇంట్లో కెమెరా పెడతారు, డబ్బులు తీసుకోరు. సంక్రాంతికి వెళ్ళే ముందు మీ స్టేషన్‌లో ఒకసారి కనుక్కోండి.

బంగారం బీరువాలోనా, బ్యాంకు లాకర్లోనా? లాకరే, కానీ పూర్తి భరోసా అనుకోకండి. 2022 జనవరి నుంచి ఆర్‌బీఐ రూలు ప్రకారం బ్యాంకులో మంటలు, దొంగతనం, సిబ్బంది మోసం లాంటివి జరిగితే బ్యాంకు బాధ్యత లాకర్ ఏడాది అద్దెకి 100 రెట్ల వరకే. అద్దె 3,000 అయితే 3 లక్షలు, అంతే. ఇవాళ్టి రేటుకి ఒక పెళ్ళి హారానికి కూడా చాలదు. వరదలాంటి ప్రకృతి వైపరీత్యమైతే, బ్యాంకు తప్పు లేకపోతే, అదీ లేదు.

ఇంటి ఇన్సూరెన్స్‌లో అందరూ బోల్తా పడేది భారత్ గృహ రక్ష దగ్గర. 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన స్టాండర్డ్ పాలసీ, మంటలకి, తుఫానుకి, వరదకి చాలా బాగుంది, ఇంటితో పాటు సామానుకి కూడా ఇంటి విలువలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా వస్తుంది. కానీ దొంగతనం మాత్రం, అలాంటి ప్రమాదం జరిగి దానివల్ల 7 రోజుల్లోపు జరిగితేనే. మామూలుగా తాళం పగలగొట్టి దోచుకుపోతే రాదు, దానికి బర్గ్లరీ (దొంగతనం) కవర్ విడిగా తీసుకోవాలి. అద్దెకున్నవాళ్ళు సామానుకి మాత్రమే తీసుకోవచ్చు, ఈ సంగతి చాలామందికి తెలీదు.

కారుకొద్దాం. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒక్కటే ఉంటే పోలీసు ఆపినప్పుడు, మన బండి వల్ల ఎదుటివాళ్ళకి నష్టం జరిగినప్పుడు పనికొస్తుంది, మన బండి కాలినా పోయినా పైసా రాదు. మన బండికి కూడా కలిపి ఉండే కాంప్రహెన్సివ్ ఉంటే వస్తుంది, అదీ కొన్న ధర కాదు, ఐడీవీ, అంటే తరుగు తీసేశాక పాలసీలో రాసే బండి విలువ. నాలుగేళ్ళు దాటి ఐదో ఏడు నడుస్తున్న బండికి 50 శాతం తరుగు లెక్క, అంటే 8 లక్షల కారుకి 4. కొత్త బండికైతే బిల్లు ధర ఇచ్చే రిటర్న్ టు ఇన్వాయిస్ కవర్ తీసుకోవడం మంచిదే, పాతబడ్డాక ఇవ్వరు. నా ఓటు: బండికి ఐడీవీ లక్షల్లో ఉన్నంతకాలం కాంప్రహెన్సివ్, తర్వాత మీ ఇష్టం.

గేర్ లాకా, జీపీఎస్సా అంటే నేను గేర్ లాకే అంటా. జీపీఎస్ పోయాక వెతకడానికి, అదీ దొంగ వైరు పీకకపోతే. గేర్ లాక్ కోయాలంటే టైం పడుతుంది, చప్పుడవుతుంది, పక్క బండి చూసుకుంటాడు. పుష్ స్టార్ట్ కార్లున్నవాళ్ళు తాళంచెవి గుమ్మం దగ్గర మేకుకి పెట్టకండి, దాని సిగ్నల్‌ని బయటి నుంచి లాగి బండి స్టార్ట్ చేసే వాళ్ళున్నారు.

మంటలార్పే సిలిండరంటే, ఇంటికీ కారుకీ ఏబీసీ అని రాసుండే పౌడర్ రకమే. సీఓ2 (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్) రకం కరెంటు సామానుకి బాగుంటుంది, పౌడర్‌లా చెత్త చేయదు, కానీ బరువు, రేటూ ఎక్కువ. కారులో 1 కిలోది డ్రైవర్ సీటు కింద బిగించాలి, డిక్కీలో పెడితే అవసరానికి అందదు. బానెట్ కింద పొగ వస్తే పూర్తిగా ఎత్తొద్దు, గాలి తగిలి భగ్గుమంటుంది, లోపలి లీవర్ లాగి వచ్చిన ఆ సందులోంచే కొట్టాలి. సిలిండర్ మీటరు సూది పచ్చలో ఉందో లేదో నెలకోసారి చూసి, పౌడర్ గడ్డకట్టకుండా ఒకసారి తలకిందులు చేసి ఊపండి.

ఇంకోటి, కారు పోయిందని క్లెయిమ్‌కి వెళ్తే ఎఫ్‌ఐఆర్‌తో పాటు రెండు తాళంచెవులూ ఇమ్మంటారు, ఒకటే ఇస్తే బోలెడు ప్రశ్నలు. మా రెండోది వారం రోజులు వెతికాం, అత్తయ్యగారు ఊరినుంచి ఫోన్ చేసి చెప్పారు, ఈసారి ఆవాల గిన్నె.