ఏఏసీ బ్లాకులు: సరుకు మంచిదే, పని తెలిసిన మేస్త్రీ కావాలి

మా ఇంటి గోడలన్నీ ఏఏసీ (ఆటోక్లేవ్డ్ ఏరేటెడ్ కాంక్రీట్, అంటే లోపల గాలి బుడగలుండే తేలికపాటి కాంక్రీటు) బ్లాకులతోనే కట్టించాం, ఎండాకాలం, వానాకాలం రెండూ చూశాకే రాస్తున్నాను.

మట్టి ఇటుక వద్దనుకున్నది పైమట్టి కోసం. పంట పండే మట్టిని తవ్వి, బొగ్గు పెట్టి, 1000 డిగ్రీల దాకా వేడిలో కాల్చేస్తే ఆ నేల మళ్లీ కోలుకోవడానికి తరాలు పడుతుంది. ఈ బ్లాకులకు బట్టీ అక్కర్లేదు. థర్మల్ ప్లాంటు బూడిద లేదా ఇసుక, సిమెంటు, సున్నం, జిప్సం నీళ్లతో కలిపి కొంచెం అల్యూమినియం పొడి వేస్తే హైడ్రోజన్ పుట్టి మొత్తం పులిసిన పిండిలా పొంగుతుంది, దాన్ని ముక్కలుగా కోసి సుమారు 190 డిగ్రీల ఆవిరిలో, ప్రెషర్ మీద గట్టిపరుస్తారు. 1920ల్లో స్వీడన్‌లో మొదలైన పద్ధతి ఇది. కాలుష్యం అస్సలు లేదని ఎవరైనా అమ్మజూపితే మాత్రం నమ్మకండి, ఇందులో వాడే సిమెంటు, సున్నం తయారీలో అది తప్పదు.

బరువు తేడా చాలా ఎక్కువ. క్యూబిక్ మీటరుకు 550 నుంచి 650 కిలోలు, అదే మట్టి ఇటుకైతే 1600 పైనే. డిజైన్ దశలోనే ఇంజనీరుకు చెబితే బీములు, కాలమ్‌లు, స్టీలు ఆ మేరకు తగ్గించవచ్చు, గోడలు లేచాక చెబితే ఆ లాభం పోయినట్టే. పడమటి గది మధ్యాహ్నం కూడా ఉడికిపోవడం లేదు, నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఇక పగుళ్ల సంగతి. "ఏఏసీ అంటే పగుళ్లే" అని చాలామంది భయపెడతారు. మాకూ ఒక గదిలో కాలమ్ పక్కన ప్లాస్టరింగ్ సన్నగా చీలింది, చెక్కి చూస్తే కాంట్రాక్టరు మనుషులు అక్కడ మెష్ (కాలమ్, గోడ కలిసే చోట ప్లాస్టరింగ్ కింద వేసే జాలీ) వేయనేలేదు. మెష్ వేసి మళ్లీ పూశాక ఇప్పటిదాకా ఏమీ లేదు. ఎక్కువమంది మేస్త్రీలు ఇటుకలకు అలవాటుపడి ఈ బ్లాకుల్ని కూడా నీళ్లలో నానబెట్టేస్తారు, అవి తర్వాత ఆరి కుంచించుకుపోతే ప్లాస్టరింగ్ చీలక ఏం చేస్తుంది? పైన కొంచెం తడిపితే చాలు. మందపాటి సిమెంటు మాలు బదులు 3 మిల్లీమీటర్ల జాయింటు వచ్చే బ్లాక్ గమ్ (ఈ బ్లాకుల్ని అతికించే పల్చటి జిగురు మాలు) వాడించండి. వైరింగ్ గాడికి సుత్తి, ఉలి వద్దు, కట్టర్‌తోనే కోయించాలి. గీజర్, బరువైన అరమరలు తగిలించే చోట మామూలు మేకు నిలవదు, వీటికని దొరికే యాంకర్లే వాడాలి.

బేస్‌మెంట్ కింద, ఎప్పుడూ తడి ఉండే చోట ఇవి వద్దు. కాలమ్‌లు లేకుండా చిన్న ఇల్లు కట్టేవాళ్లకైతే సిమెంటు 5 నుంచి 10 శాతం కలిపి మెషీన్‌లో నొక్కిన, కాల్చని మట్టి బ్లాకులు ఇంకా మంచివి, కాకపోతే మీ స్థలంలో మట్టిలో ఇసుక పాలు ఎక్కువుండాలి, జిగురు మట్టి పనికిరాదు, ముందే పరీక్ష చేయించుకోండి.