జూకీ 5550: తుక్కు ధరకి కొని నాలుగేళ్లు కుట్టాక

రాయదుర్గంలో జీన్స్ కుట్టే చిన్న యూనిట్ ఒకటి మూసేస్తే, అందులోని పాత జూకీ డీడీఎల్-5550 ఫ్యాక్టరీ కుట్టు మెషిన్ టేబుల్, మోటార్‌తో కలిపి ఏడు వేలకు నాకొచ్చింది. నాలుగేళ్లుగా జాకెట్లు, పిల్లల గౌన్లు దాని మీదే.

తెచ్చిన రోజు చక్రం రెండు చేతులతో తిప్పినా కదల్లేదు. పాడైపోయిందని కాదు, ఏళ్లపాటు మూలన పడేస్తే లోపలి నూనె ముదురు పాకంలా బిగుసుకుపోతుంది. కీళ్లన్నిటికీ కిరసనాయిలు చుక్కలు వేసి, బలవంతం చేయకుండా చక్రాన్ని అటూ ఇటూ ఆడిస్తూ పోతే మూడో రోజుకి కదిలింది. గుడ్డను ముందుకి జరిపే పళ్ల కింద పిడికెడు నీలం నూగు! అంతా తుడిచి, అడుగు ట్రేలో గీత దాకా తెల్ల మెషిన్ ఆయిల్ పోశాను. కొబ్బరినూనె పోయమని పక్కింటి పిన్ని చెప్పింది గానీ పొరపాటున కూడా పోయకండి, మళ్లీ పాకమే.

అసలు ఏడిపించింది టైమింగ్, అంటే సూదీ షటిల్ సరైన క్షణంలో కలవడం. కింద తిరుగుతూ పైదారాన్ని అందుకునే షటిల్ అరిగితే, తీసి కొత్తది వేశాక కుట్లు తప్పడం మొదలైంది. సూది కిందిదాకా దిగి కాస్త పైకి లేచేసరికి షటిల్ మొన దాని మధ్యకి రావాలి, ఎంత లేవాలో సూది కడ్డీ మీద గీతలుంటాయి, మొన సూదికి తగలకూడదు, కాగితం మందాన్ని మించి సందూ ఉండకూడదు. రెండు సాయంత్రాలు కుస్తీ పట్టాక చూస్తే సూదే తిరగేసి పెట్టాను. దీనికి వాడే డీబీ×1 సూది కాడ గుండ్రం, ఇంటి మెషిన్ సూదిలా ఒక పక్క చదునుగా ఉండదు, పొడవాటి గాడి ఎడమకి ఉండేలా మనమే చూసుకోవాలి.

క్లచ్ మోటార్ని నెల భరించాను. కుట్టకపోయినా గుయ్యిమంటూనే ఉంటుంది, కాలు ఆనిస్తే చాలు మెడ పైపింగ్ దాటి పరిగెత్తేది. నాలుగున్నర వేలు పెట్టి, తొక్కినప్పుడే తిరిగే, వేగం తగ్గించుకోగలిగే సర్వో మోటార్ వేయించాను, మొదటి రోజే వేయించాల్సింది. దాంతో ఒక మెలిక ఉంది. ఇది నిమిషానికి 5500 కుట్ల దాకా పోయే మెషిన్, లోపలి పంపు జోరుగా తిరిగితేనే నూనె పైకెక్కుతుంది, నెమ్మదిగా కుడితే పైనున్న గాజు కిటికీలో నూనె చిమ్మడమే కనపడదు. అందుకని రోజూ పొద్దున్నే దారం తీసేసి, ఫుట్ ఎత్తి, ఓ నిమిషం వేగంగా తిప్పుతాను.

జీన్స్ కోసం ఉండే ముతక పళ్లతో పట్టు కుట్టకండి, గుర్తులు పడతాయి, ప్లేటు రంధ్రం పెద్దది కావడంతో పల్చటి గుడ్డ లోపలికి పోతుంది. సన్నపళ్లు, చిన్న రంధ్రం ప్లేటు వేయించుకోండి. కొనేముందు సూది కడ్డీ పట్టి ఊపి చూడండి, బాగా ఆడితే వదిలేయండి.

ఒక జబ్బు మాత్రం ఇప్పటికీ పోలేదు, రాత్రంతా ఆగితే సూది కడ్డీ నుంచి చుక్క నూనె జారుతుంది. లేతరంగు జాకెట్టు ఉన్న రోజు ముందు పాత గుడ్డముక్క మీద పది కుట్లు వేస్తాను.