మోటార్‌హోమ్ మీద సోలార్: బ్రిటన్‌లో నాలుగేళ్లు వాడాక

డిసెంబరు చివరి వారం. ఉత్తర ఇంగ్లండ్ కొండప్రాంతం లేక్ డిస్ట్రిక్ట్‌లో ఒక పొలం పక్కన వ్యాన్ ఆపుకుని పడుకున్నాం. తెల్లవారుజామున మూడింటికి చలికి మెలకువ వచ్చింది. హీటర్ ఆగిపోయింది. గ్యాస్ సిలిండర్ నిండుగానే ఉంది. కానీ వేడిగాలిని లోపలికి తోసే ఫ్యాను తిరగాలంటే కరెంటు కావాలి కదా, బ్యాటరీ వోల్టేజీ బాగా పడిపోవడంతో హీటర్ తనంతట తానే కట్టయింది. మా ఆవిడ పాపని రెండు దుప్పట్లలో చుట్టి పక్కలోకి తీసుకుంది. నేను ఇంజిన్ స్టార్ట్ చేసి గంటసేపు డ్రైవింగ్ సీట్లోనే కూర్చున్నాను. పైకప్పు మీద 200 వాట్ల సోలార్ ప్యానెళ్లు ఉన్నాయి, అవి బిగించినాయన "ఏడాది పొడవునా కరెంటుకి ఢోకా లేదు" అన్నాడు. ఆ మాట నమ్మే బయల్దేరాం.

ఆ రాత్రి పడ్డ టెన్షన్ ఇంకొకరు పడకూడదని ఇది రాస్తున్నాను.

మాది లండన్‌కి పడమరనున్న రెడింగ్. 2021లో ఫియట్ డుకాటో వ్యాన్ మీద కట్టిన 2014 మోడల్ మోటార్‌హోమ్, అంటే లోపలే వండుకుని పడుకునే ఇల్లులాంటి బండి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. రెండు 100 వాట్ల ప్యానెళ్లు, విక్ట్రాన్ ఎమ్‌పీపీటీ కంట్రోలర్ (ప్యానెళ్ల కరెంటుని సరిచేసి బ్యాటరీకి పంపే పెట్టె), బిగింపు కూలీ అన్నీ కలిపి 650 పౌండ్లయ్యాయి. అందులో నాకు బాగా పనికొచ్చింది కంట్రోలరే. బ్లూటూత్‌తో ఫోన్‌కి కలుస్తుంది, గడిచిన ముప్పై రోజుల్లో ఏ రోజు ఎంత కరెంటు వచ్చిందో చూపిస్తుంది. నెలకోసారి ఆ లెక్క నోటుబుక్‌లోకి ఎక్కిస్తూ వచ్చాను. ఈ సమీక్ష ఆ నోటుబుక్ చూసి రాస్తున్నదే.

మన ఇళ్లలో ఇన్వర్టర్ బ్యాటరీ మీద 150 ఏహెచ్ అని రాసి ఉంటుంది చూడండి, ఆ ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) లెక్కలోనే చెబుతాను. మాకు రోజుకి దాదాపు 55 ఏహెచ్ కావాలి. వేసవిలో ఫ్రిజ్ ఒక్కటే 35 తాగేస్తుంది. మిగతాది లైట్లు, నీళ్ల పంపు, ఫోన్లు, నా ల్యాప్‌టాప్. చలికాలంలో ఫ్రిజ్ వాడకం సగానికి తగ్గుతుంది కానీ ఆ మిగులు హీటర్ ఫ్యానుకి సరిపోతుంది. సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది కాబట్టి లైట్లు కూడా ఎక్కువసేపు వెలుగుతాయి. అంటే ఖర్చు ఏడాదంతా ఇంచుమించు ఒకటే. రాబడే మారిపోతుంది. జూన్‌లో మంచి ఎండ కాస్తే రోజుకి 60 ఏహెచ్ దాకా వస్తుంది. డిసెంబరులో ఎండ కాసిన రోజు ఆరు, ముసురు పట్టిన రోజు రెండో మూడో.

పగలు చిన్నదవడం ఒక్కటే దీనికి కారణం కాదు. డిసెంబరులో లండన్ దగ్గర మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దాదాపు 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. వ్యాన్ పైకప్పు మీద పడుకోబెట్టినట్టుండే ప్యానెల్ మీద ఆ ఎండ ఏటవాలుగా జారిపోతుంది, నేరుగా పడే ఎండలో నాలుగో వంతే దానికి దక్కుతుంది. అదే హైదరాబాద్‌లో డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు. లండన్‌కి మార్చి మూడో వారంలో కూడా అంత ఎత్తు రాడు. అందుకే అక్కడ టెంపో ట్రావెలర్‌ని ఇల్లులా మార్చుకున్నవాళ్లు సోలార్ గురించి చెప్పే మాటలు ఇక్కడ చలికాలానికి పనికిరావు. ధనుర్మాసమంతా మాకు కరెంటు కరువే. సంక్రాంతి వెళ్లాక కూడా ఇంకో నెల ఓపిక పట్టాలి. ఫిబ్రవరి ఆఖరుకి గానీ ఫోన్‌లో రోజుకి 20 ఏహెచ్ అనే అంకె కనబడదు.

వేసవి సంగతి వేరు. 2023 జూన్‌లో అమ్మానాన్నలు నంద్యాల నుంచి వస్తే స్కాట్లండ్‌లోని స్కై దీవికి తీసుకెళ్లాం. రాత్రి పదిన్నరకి కిటికీలోంచి చూస్తూ అమ్మ "ఏరా, ఈ ఊళ్లో పొద్దుగూకదా?" అంది. పదకొండు రోజులు ఒక్కసారి కూడా బయటి కరెంటు ప్లగ్గు పెట్టే అవసరం రాలేదు. పగలు పదకొండింటికల్లా బ్యాటరీ నిండిపోయేది. ఇన్వర్టర్ మీద మిక్సీ వేసి అమ్మ రోజూ కొబ్బరి పచ్చడి చేసింది. 750 వాట్ల మిక్సీ మూడు నిమిషాలు తిరిగితే మూడు, మూడున్నర ఏహెచ్ ఖర్చవుతుంది, అది పెద్ద లెక్క కాదు. రైస్ కుక్కర్‌తోనే చిక్కు. చిన్న కుక్కర్ అయినా ఒక్క పూట అన్నానికి 20 ఏహెచ్ లాగేస్తుంది. అన్నం గ్యాస్ మీద ప్రెషర్ కుక్కర్‌లో వండుకోండి.

ఎండ ఎంత మండితే అంత కరెంటు అనుకునేవాణ్ని. 2022 జూలై 19న బ్రిటన్‌లో మొట్టమొదటిసారి 40 డిగ్రీలు దాటింది, ఆ రోజు మేం తూర్పు ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో ఉన్నాం. మధ్యాహ్నం కంట్రోలర్ చూస్తే, మే నెలలో చల్లగాలి వీచే రోజు వచ్చినంత కూడా రావడం లేదు. ప్యానెల్ 25 డిగ్రీలు దాటి వేడెక్కే కొద్దీ ప్రతి డిగ్రీకీ దాని సత్తా సుమారు 0.4 శాతం తగ్గుతుంది. పైకప్పు మీద అది 65 డిగ్రీలకి చేరితే ఆరో వంతు పోయినట్టే. మా ప్యానెళ్ల కింద రెండంగుళాల సందు ఉంది కాబట్టి గాలి ఆడుతుంది. పైకప్పుకే అంటించే పల్చటి ప్యానెళ్లు నేనైతే కొనను.

అన్నిటికంటే ఎక్కువ నష్టపోయింది నీడ వల్ల. బిగించినాయన ఒక ప్యానెల్‌ని టీవీ డిష్‌కి జానెడు దూరంలో పెట్టాడు. ఎండాకాలంలో ఏమీ తెలియలేదు. అక్టోబరు వచ్చి సూర్యుడు కిందికి దిగేసరికి డిష్ నీడ సాగి ప్యానెల్ మీద పడసాగింది. నమ్మకం కుదరక మరుసటి జూన్‌లో ఒక ఆదివారం నిచ్చెన వేసి పైకెక్కాను. మా ఆవిడ కింద ఫోన్ పట్టుకుని ఎన్ని ఆంపులు వస్తున్నాయో చదువుతోంది. "10.6 అండీ." మడతపెట్టిన చేతిరుమాలు ప్యానెల్ మూల మీద, సరిగ్గా ఒక గడిని కప్పేలా పరిచాను. "7.8కి పడింది!" రుమాలు తీశాను, మళ్లీ పదిన్నర. గడులన్నీ గొలుసులా కలిసి ఉంటాయి, ఒక్క గడికి నీడ పడితే దాని వరుస మొత్తం చతికిలబడుతుంది. వారం తిరక్కుండా డిష్ పీకించేశాం. ఇప్పుడు ఎక్కడ ఆగినా చెట్టు నీడ కోసం కాకుండా చెట్టుకి దక్షిణాన చోటు ఉందా అని చూస్తాను.

ఆ డిసెంబరు రాత్రికి మందు దొరికింది బ్యాటరీలోనూ ఇంజిన్‌లోనూ. పాత లెడ్ యాసిడ్ బ్యాటరీ పేరుకి 100 ఏహెచ్, పాడవకుండా వాడుకోవాలంటే అందులో సగమే. 2022 వసంతంలో దాన్ని తీసేసి లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ది పెట్టాను, నాలుగు వందల పౌండ్ల పైచిలుకు అయింది. దాంతోపాటు ఇంజిన్ నుంచి ఛార్జ్ చేసే 30 ఆంప్స్ డీసీ టు డీసీ ఛార్జర్ వేయించాను. రెండు గంటలు నడిపితే ఒక రోజు ఖర్చుకి సరిపడా వచ్చేస్తుంది. డిసెంబరులో పది రోజులు ఎదురుచూసినా ప్యానెళ్లు అంత ఇవ్వవు.

లిథియంతో ఒక్క జాగ్రత్త ఉంది. బ్యాటరీ లోపలి చలి సున్నా డిగ్రీలకి దిగితే దాన్ని ఛార్జ్ చేయకూడదు. స్కాట్లండ్‌లోని కెయిర్న్‌గార్మ్స్ కొండల్లో మైనస్ ఆరు పడిన రాత్రి తెల్లారాక చక్కటి నీరెండ వచ్చింది, ప్యానెళ్లు సిద్ధంగా ఉన్నాయి, బ్యాటరీ లోపలి రక్షణ సర్క్యూట్ మాత్రం ఒక్క ఆంపు కూడా తీసుకోనివ్వలేదు. అప్పటికి బ్యాటరీ వెనక డిక్కీలో ఉండేది. ఇప్పుడు సోఫా కింద, హీటర్ గొట్టం పక్కన పెట్టాం. మళ్లీ ఆ సమస్య రాలేదు.

మార్చిలో ఒకసారి మెత్తటి బ్రష్‌తో నాచు, పక్షుల రెట్టలు కడుగుతాను. అంతకుమించి ప్యానెళ్లకి నాలుగేళ్లలో చేసిన మరమ్మతు లేదు.

ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా వీటికి నేను పదికి పది మార్కులు వేస్తాను. నవంబరు నుంచి జనవరి దాకా రెండు. ఆ మూడు నెలల్లో ఒకేచోట మూడు రోజులు ఆగాలంటే కరెంటు ప్లగ్గు ఉన్న క్యాంపింగ్ సైటే బుక్ చేసుకుంటున్నాం. వచ్చే చలికాలానికి మూడో ప్యానెల్ పెట్టించమని స్నేహితులు అంటున్నారు. పైన చోటు ఉంది, డబ్బూ పక్కన పెట్టాం. కానీ డిసెంబరులో అది ఇచ్చేది ఇంకో మూడు ఏహెచ్. ఆ డబ్బుతో రెండో బ్యాటరీ కొంటున్నాం.