పాలు లేని బెల్లం మసాలా కాఫీ: ఏళ్ల తరబడి తాగాక

పాల కాఫీ మానేసి, బెల్లం, మసాలా దినుసులు వేసిన బ్లాక్ కాఫీకి మారి ఏళ్లు గడిచాయి. కొత్త మోజులో రాసిన పొగడ్తలు ఎక్కడైనా దొరుకుతాయి. మోజు తీరాక ఏం మిగిలింది, ఏం వదిలేశాను అన్నదే నేను చెప్పాలనుకున్నది. నా లెక్కలో రుచికి పూర్తి మార్కులు, శ్రమకు సగం. ఆరోగ్యం పేరుతో జరిగే ప్రచారానికైతే పాస్ మార్కులు వేయడం కూడా కష్టమే.

కిటుకంతా ఏది ముందు, ఏది వెనక అన్నదాంట్లోనే ఉంది. నీళ్లు, కాఫీ పొడి, బెల్లం, మసాలా అన్నీ ఒకేసారి గిన్నెలో పడేసి తెర్లించమని చాలామంది చెప్తారు. దాల్చినచెక్క, శొంఠి మొండివి, కాసేపు మరిగితే తప్ప వాటి సారం దిగదు. కాఫీ పొడి అలా కాదు. దానికి 90 నుంచి 96 డిగ్రీల వేడి చాలు. సలసల మరిగే నీళ్లలో ఉడకబెడితే చేదూ వగరూ మోతాదు మించి దిగుతాయి, సువాసన ఆవిరితో పాటు పోతుంది. వంటిల్లంతా ఘుమఘుమలాడిందని సంబరపడతాం గానీ, ఆ వాసన కప్పులోంచి పోయిందే కదా!

అందుకని నేను 300 మిల్లీలీటర్ల నీళ్లలో అంగుళం దాల్చినచెక్క, కచ్చాపచ్చాగా దంచిన చిన్న శొంఠి ముక్క, ఒకే ఒక్క లవంగం వేసి, మూతపెట్టి సన్నమంట మీద ఏడెనిమిది నిమిషాలు ఉంచుతాను. ఆ తర్వాత రెండు చెంచాల బెల్లం తురుము వేసి, అది కరగ్గానే పొయ్యి కట్టేస్తాను. మరుగు అణగడానికి అర నిమిషం ఆగి, 15 గ్రాముల కాఫీ పొడి, చితక్కొట్టిన యాలక్కాయ ఒకటి వేసి, ఒక్కసారి కలిపి మూత పెడతాను. నాలుగు నిమిషాలయ్యాక వడకట్టడమే. ఒక పెద్ద కప్పు, లేదంటే రెండు చిన్న కప్పులు వస్తుంది.

పొడి ముతక రవ్వలా ఉండాలి. మెత్తటి పొడి వాడితే వడగట్టులోంచి జారిపోయి చివరి గుక్కలన్నీ మడ్డే. చికోరీ కలిపిన పొడి సంగతి కూడా చెప్పాలి. పాలల్లోకి అది బాగానే ఉంటుంది, చిక్కదనం, రంగు ఇస్తుంది. పాలు లేనప్పుడు మాత్రం దాని మాడు రుచి పైకి తేలి దాల్చినచెక్కను కప్పేస్తుంది. పైగా చికోరీలో కెఫీన్ ఉండదు కాబట్టి ఆ మేరకు కాఫీ పలచబడినట్టే. చికోరీ లేని, మరీ నల్లగా వేయించని గింజల పొడి ఇందులోకి నప్పుతుంది.

తీపిలోకి ముదురు రంగు బెల్లాన్ని మించింది నాకు దొరకలేదు. పాల కాఫీలో బెల్లం వేస్తే విరిగిపోతుందేమోనన్న బెంగ ఉంటుంది, ఇక్కడ పాలే లేవు. పంచదార ఉత్త తీపి ఇచ్చి ఊరుకుంటుంది. బెల్లంలోని ఆ కాస్త ఉప్పదనం, పాకం వాసన కాఫీ చేదుకు జోడీ కుదురుతాయి. తెల్లగా మెరిసే బెల్లం వేసేకన్నా పంచదార వేసుకోవడం నయం. తేనె కూడా వేసి చూశాను. ఆ వేడికి దాని వాసన పోయి, ఖర్చు మాత్రం మిగిలింది. బెల్లం వేశాం కనుక షుగర్ ఉన్నవాళ్లూ తాగొచ్చని ఎవరైనా అంటే నమ్మకండి. బెల్లంలో అధిక భాగం సుక్రోజే, అంటే పంచదారలో ఉన్నదే. కప్పుకు రెండు చెంచాల్లో వచ్చే ఇనుము, పొటాషియం లెక్కలోకి రావు.

దినుసుల్లో నేను బాగా ఆలోచించి కొనేది దాల్చినచెక్క. దళసరిగా, గట్టిగా, ఒకే పొరగా చుట్టుకుని ఉండేది సాధారణంగా కాసియా రకం. పలచటి పొరలు ఒకదానిలో ఒకటి చుట్టుకుని, వేళ్లతో నలిపితే విరిగేది సిలోన్ రకం. కాసియా ఘాటుగా ఉంటుంది గానీ, మోతాదు మించితే కాలేయానికి చేటు చేసే కూమరిన్ అనే పదార్థం అందులో చాలా ఎక్కువ. ఐరోపా ఆహార భద్రతా సంస్థ దీనికి పెట్టిన హద్దు రోజుకు కిలో శరీర బరువుకు 0.1 మిల్లీగ్రాము. ఎప్పుడో ఒక కప్పు తాగేవాళ్లు దీని గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. నాలా రోజూ తాగేవాళ్లకు సిలోన్ చెక్కే మేలు. రుచి కూడా మృదువుగా, తియ్యగా ఉంటుంది.

పచ్చి అల్లం వద్దు, శొంఠే వాడండి. అల్లం ఎండేటప్పుడు దానికి కారాన్నిచ్చే జింజెరాల్ అనే పదార్థం కొంత షోగాల్‌గా మారుతుంది, అది మరింత ఘాటైనది. అందుకే శొంఠి కారం నాలుక మీద కన్నా గొంతులో తెలుస్తుంది. పచ్చి అల్లం వాసన కాఫీతో ఎందుకో పొసగదు. లవంగం రెండోది వేశారో, అందులోని యూజెనాల్ అనే నూనె పదార్థం మహిమకు నాలుక కొంచెం మొద్దుబారి, కాఫీ కాస్తా పంటి మందులా తోస్తుంది. జాజికాయ, అనాస పువ్వు ప్రయోగాలు అయ్యాయి, మళ్లీ ముట్టలేదు. మిరియాలు మాత్రం జలుబు రోజుల్లో రెండు గింజలు పడతాయి. జలుబు తగ్గిస్తాయని కాదు, ముక్కు మూసుకుపోయి ఏ రుచీ తెలియనప్పుడు ఆ కారమైనా తెలుస్తుందని.

సీసాల్లో అమ్మే తయారీ కాఫీ మసాలా పొడులు నాకు నచ్చలేదు. దాల్చినచెక్క పొడి వేడి నీళ్లలో నాని జిగురెక్కుతుంది, వడకట్టినా పోదు. దినుసులు విడిగా కొని, అప్పటికప్పుడు దంచుకోవడమే నయం.

లోటుపాట్లూ ఉన్నాయి. స్టీలు వడగట్టు కాఫీ గింజల్లోని కెఫెస్టాల్ అనే నూనె పదార్థాన్ని ఆపలేదు. అది చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. ఆ బాధ ఉన్నవాళ్లు పేపర్ ఫిల్టర్‌లో వడకట్టుకోవాలి. కాఫీ కాస్త పలచగా దిగినా మసాలా రుచి ఎక్కడికీ పోదు. ఇంకో సంగతి. తియ్యగా, కమ్మగా ఉంటుంది కాబట్టి మూడో కప్పు కూడా తెలియకుండానే లోపలికి పోతుంది. మసాలా వేసినంత మాత్రాన కెఫీన్ తగ్గదు. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకు రోజుకు 400 మిల్లీగ్రాములు, గర్భిణులకు 200 దాటకూడదన్నది ఐరోపా సంస్థే చెప్పిన లెక్క. రోబస్టా గింజల్లో కెఫీన్ అరబికాకు దాదాపు రెట్టింపు ఉంటుంది కాబట్టి పొడి ఏ రకమో చూసుకోవాలి. ప్లాస్టిక్ వడగట్టు కొనకండి, దానికి పట్టిన లవంగం వాసన ఎంత తోమినా వదలదు.

ఫ్లాస్కులో పోసి దాచుకోవడం దండగ. వడకట్టినా సరే, గంట గడిచేసరికి పొద్దుటి వాసన మచ్చుకు కూడా ఉండదు. తీరిక లేని రోజుల కోసం నేను చేసేది వేరు. దాల్చినచెక్క, శొంఠి, లవంగం నీళ్లలో మరిగించి, వడకట్టి, బెల్లం వేసి చిక్కటి పాకం కాచి ఫ్రిజ్‌లో పెట్టుకుంటాను. పొద్దున్నే వేడి డికాక్షన్‌లో రెండు చెంచాలు కలిపితే చాలు. గిన్నెలో కాచిన దానికి సరిసమానం కాదు గానీ దగ్గరగానే వస్తుంది. ఆ పాకంలో యాలకులు మాత్రం వేయను. వాటి వాసన రెండు రోజులకే చప్పబడుతుంది, కప్పులో పోసుకునేటప్పుడు దంచి వేసుకోవాల్సిందే.