కాస్కేడ్ లాక్స్ వంతెన కింద సాల్మన్: వెళ్లండి, ఐస్ మాత్రం మీరే పట్టుకెళ్లండి

అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్, హిల్స్‌బరో వైపు ఉండే మనవాళ్లకి చేప కావాలంటే సూపర్ మార్కెట్లో గులాబీరంగు ఫారం సాల్మన్, లేదంటే ఇండియన్ స్టోర్ ఫ్రీజర్లో గడ్డకట్టిన బొచ్చె ముక్కలు. ఆగస్టు చివరి నుంచి శరదృతువంతా ఇంకో దారి కూడా ఉంది. ఐ-84 మీద తూర్పుగా 40 మైళ్లు పోతే కాస్కేడ్ లాక్స్ అని చిన్న ఊరు. అక్కడ బ్రిడ్జ్ ఆఫ్ ది గాడ్స్ అనే ఇనప వంతెన కింద, కొలంబియా నది ఒడ్డున, నేటివ్ అమెరికన్ జాలర్లు తాము పట్టిన చేపని తామే అమ్ముతారు. షాపూ లేదు, బోర్డూ లేదు. ఒక టెంటు, రెండు పెద్ద ఐస్ పెట్టెలు, అట్టముక్క మీద మార్కర్‌తో 'ఫ్రెష్ సాల్మన్'. అయిదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించానో చివర్లో చెప్తాను.

ముందు చేప సంగతి. మేం తీసుకున్నది 14 పౌండ్ల చినూక్ (సాల్మన్‌లో పెద్ద రకం), పౌండు 8 డాలర్లు. రేటు వారం వారం మారుతుంది కాబట్టి ఇదే పట్టుకుని బేరానికి దిగకండి. మా అత్తయ్యగారిది రావులపాలెం దగ్గర. ఆవిడకి ఇంగ్లీషు రాదు గానీ చేపల బేరానికి భాషతో పనేముంది? మొప్ప ఎత్తి చూశారు, ఎర్రగా ఉంది. బొటనవేలితో వీపు నొక్కారు, సొట్ట పడలేదు. "ఏటి చేపేనా, చెరువుదా?" అని నన్నడిగారు. నేను ఇంగ్లీషులో చెప్పేలోపే అమ్మే ఆవిడ నవ్వి, అత్తయ్యగారి చేతిలో చేప తీసేసుకుని ఇంకో పెట్టెలోంచి వేరేది తీసిచ్చింది. "మీ అమ్మగారికి టూలీ వద్దు, బ్రైట్ తీసుకోండి" అంది.

ఇది తెలుసుకోవాల్సిన విషయం. ఈ కాలంలో ఏట్లోకి వచ్చే చినూక్‌లో రెండు రకాలు. టూలీలు కింది ఉపనదుల్లోనే గుడ్లు పెట్టేస్తాయి, ఇక్కడికి వచ్చేసరికే ఒళ్లు నల్లబడి కొవ్వు తగ్గిపోతుంది. బ్రైట్‌లు ఇంకా చాలా పైకి, ఎక్కువగా వాషింగ్టన్‌లోని హ్యాన్‌ఫర్డ్ దాకా వెళ్లాల్సినవి. సాల్మన్ మంచినీళ్లలోకి వచ్చాక మేత ముట్టదు, ఒంట్లో ఉన్న కొవ్వుతోనే ఎదురీదుతుంది. అందుకే దూరం వెళ్లాల్సిన చేపకి ఇంకా కొవ్వుంటుంది, ఒళ్లు వెండిలా మెరుస్తుంది. టూలీ చవక. పొగపెట్టి ఎండబెట్టుకునేవాళ్లకి బాగుంటుందేమో, మన పులుసుకి పనికిరాదు.

పులుసు విషయంలో పేచీ పెట్టేవాళ్లు ఉంటారని తెలుసు. పులసతో పోల్చి చూడకండి. ఆ రుచి రాదు, ఆ ముళ్లూ ఉండవు. చినూక్‌లోనే బోలెడు నూనె ఉంది కాబట్టి మీరు పోసేది సగానికి తగ్గించండి. చింతపండు పులుసు, బెండకాయలు బాగా మరిగాక ముక్కలు వేసి, గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పండి. పది నిమిషాలు దాటితే ముక్క పొరలు పొరలుగా విడిపోతుంది. తలకాయ పారేయకండి, పులుసుకి అసలు రుచి అదే. పొట్టలో జన (గుడ్లు) దొరికితే అల్లం వెల్లుల్లి వేసి వేయించుకోండి. చేప ముక్కల వేపుడు మాత్రం మా ఇంట్లో అందరూ మెచ్చారు, సాల్మన్ అంటే మొహం తిప్పుకునే మా పిల్లాడితో సహా. నిజంగా పులస మీద బెంగ ఉన్నవాళ్లకి ఇదే ఏట్లో జూన్‌లో షాడ్ వస్తుంది. అది పులసకి దూరపు చుట్టమే. అయితే ఇక్కడి చేప కాదు, 19వ శతాబ్దంలో తూర్పు తీరం నుంచి తెచ్చి వదిలినది. ఇక్కడి బెంగాలీలు ఆ సంగతి ఎప్పుడో కనిపెట్టేశారు.

ఈ మార్కెట్ ఎలా బతికి ఉందో తెలిస్తే రేటు గురించి గొణగరు. ఇక్కడ అమ్మేవాళ్లు యాకమా, వార్మ్ స్ప్రింగ్స్, యుమటిల్లా, నెజ్ పర్స్ తెగలవాళ్లు. 1855లో భూములు వదులుకుంటూ రాసుకున్న ఒప్పందాల్లో చేపల వేట హక్కు మాత్రం అట్టేపెట్టుకున్నారు. హక్కయితే కాగితం మీద ఉంది, చేపలే లేకుండా పోయాయి. 1938లో ఈ నది మీద బోన్‌విల్ డ్యామ్ కట్టారు. 1957 మార్చి 10న ఇంకా పైన 'ద డాల్స్' డ్యామ్ గేట్లు మూసేస్తే, వేల ఏళ్లుగా చేపలు పట్టిన 'సెలైలో' అనే జలపాతం కొన్ని గంటల్లో మునిగిపోయింది. మాకు చేప ఇచ్చినావిడ తండ్రి అక్కడే వల వేసేవాడట. పోలవరం ముంపు ఊళ్ల వాళ్లకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

తర్వాత ఆ నాలుగు తెగలే 1977లో ఉమ్మడి సంఘం పెట్టుకుని చేపని వెనక్కి తెచ్చే పనిలో దిగాయి. కొలంబియా ఉపనది స్నేక్‌లో 1990లో లోయర్ గ్రానైట్ డ్యామ్ దాటిన వైల్డ్ (హేచరీలో కాక ఏట్లోనే పుట్టిన) శరదృతువు చినూక్ 78 మాత్రమే. నెజ్ పర్స్ వాళ్లు హేచరీ పెట్టి, పిల్లల్ని పెంచి, అవి గుడ్లు పెట్టాల్సిన చోటే వదులుతూ వచ్చారు. హేచరీ చేపల్ని కూడా కలిపితే 2014లో అదే డ్యామ్ దాటినవి 60 వేల పైచిలుకు. స్నేక్‌లో పూర్తిగా అంతరించిన కోహో సాల్మన్‌ని కూడా 1995 నుంచి వాళ్లే మళ్లీ తెచ్చారు. హ్యాన్‌ఫర్డ్ కథ వేరు. అక్కడ 51 మైళ్ల మేర డ్యామ్ లేదు. పైన డ్యామ్ నడిపేవాళ్లు 1988 నుంచి ఉన్న ఒప్పందాల ప్రకారం గుడ్ల గూళ్లు ఎండిపోకుండా నీళ్లు వదలాలి. నా వేపుడులోకి వచ్చిన బ్రైట్ చాలా మటుకు ఆ నీళ్ల పుణ్యమే. మన ధవళేశ్వరం దగ్గర ఆగిపోయే పులసకి ఇలాంటి లెక్క ఎవరు చూస్తున్నారు? సరే, అది వేరే గొడవ.

ఒక్క మాట నిజాయితీగా చెప్పాలి. అట్ట మీద 'వైల్డ్' అని రాసున్నా ప్రతి చేపా వైల్డ్ కాదు. వీపు మీద తోకకి కాస్త ముందు చిటికెనవేలి కొసంత మెత్తటి రెక్క ఉంటుంది. అది కత్తిరించి ఉంటే హేచరీ చేప. ఉంటే మాత్రం వైల్డేనని గ్యారంటీ లేదు, తెగల హేచరీల్లో కొన్ని పిల్లల్ని రెక్క కత్తిరించకుండానే వదులుతారు. నాకైతే రెండిటి రుచిలో తేడా తెలియలేదు.

ఇక తగ్గించిన ఆ ఒక్క మార్కు. చాలామంది కార్డు తీసుకోరు, క్యాష్ ఒక్కటే, చిల్లర కూడా మీరే తెచ్చుకోవాలి. వేట తెరిచిన రోజులు మారుతుంటాయి, ఒక మంగళవారం వెళ్తే ఒక్క టెంటూ లేదు. ముక్కలు కొట్టివ్వరు, ఇంటికొచ్చి సింకులో ఆ పొలుసు తీసేసరికి నా నడుం విరిగింది. పక్క టెంట్లో ఒకాయన పెట్టెలో ఐస్ మొత్తం నీళ్లైపోయింది, ఎండలో ఆ చేప చూస్తే కొనబుద్ధి కాలేదు. అలాంటిది కనబడితే మొహమాటపడకుండా పక్కకి వెళ్లిపోండి. రసీదు తప్పకుండా రాయించుకోండి, దారిలో అధికారులు ఆపితే ఎక్కడ కొన్నారో చూపించాలి.

బయల్దేరే ముందు బోన్‌విల్ డ్యామ్ చేపల లెక్క ఇంటర్నెట్‌లో చూసుకోండి. చేపలు డ్యామ్ ఎక్కి దాటడానికి మెట్లు మెట్లుగా కట్టిన కాలువ ('ఫిష్ ల్యాడర్') కిటికీ దగ్గర మనుషులు కూర్చుని ఏ రకం ఎన్ని దాటాయో లెక్కపెడతారు, రోజూ పెడతారు. చినూక్ అంకె వేలల్లోకి ఎక్కిన వారం, శనివారం పొద్దున పదింటికల్లా అక్కడుంటే మంచి బ్రైట్ దొరుకుతుంది.