మోడల్ రైలు ట్రాక్‌లో షార్ట్‌లు పట్టుకోవడానికి కారు బల్బు: చాలాకాలం వాడాక

డీసీసీ (పట్టాల ద్వారానే ఒక్కో ఇంజిన్‌కి విడిగా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి) లేఅవుట్‌లో ఒక ఇంజిన్ ఏదో పాయింట్ (బండి లైను మారే చోటు) మీద షార్ట్ కొట్టిందంటే, ట్రాక్‌కి కరెంటు ఇచ్చే 5 ఆంపియర్ల బూస్టర్ టక్కున ట్రిప్ అవుతుంది, బళ్లన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. ఏ బండి వల్ల, ఎక్కడ అన్నది మనమే వెతుక్కోవాలి. ఈ తలనొప్పికి నేను పెట్టుకున్న మందు 1156 నంబరు బల్బు. కార్లలో ఇండికేటర్లకి, బ్రేక్ లైట్లకి వాడే 12 వోల్టుల మామూలు బల్బే. ట్రాక్‌ని బ్లాకులుగా విడగొట్టి, ఒక్కో బ్లాకుకి వెళ్లే వైరులో ఒక్కోటి సిరీస్‌లో కలిపాను. ఫిలమెంట్ బల్బే కావాలి, అదే సైజులో దొరికే ఎల్ఈడీది పనికిరాదు.

బళ్లు సవ్యంగా తిరిగినంతసేపూ ఫిలమెంట్ చల్లగా, ఒక ఓమ్ కూడా లేకుండా ఉంటుంది. అసలు అక్కడ బల్బు ఉన్నట్టే తెలియదు. షార్ట్ అయితే మాత్రం భగ్గున వెలిగి, కరెంటుని రెండు ఆంపియర్ల చిల్లర దగ్గరే ఆపేస్తుంది. బూస్టర్ ట్రిప్ అవదు, పక్క బ్లాకుల్లో బళ్లు వాటి మానాన అవి పోతుంటాయి.

దీని మీద నాకు నిజంగా గురి కుదిరింది ఒక దొంగ షార్ట్ వల్ల. మెయిన్ లైన్‌లో వచ్చేది, పోయేది. మల్టీమీటర్ పెడితే కిక్కురుమనేది కాదు. ట్రాక్ ఖాళీగా ఉన్నప్పుడు రెండు పట్టాలూ కలిసే చోటే లేదు మరి, అది మాత్రం ఏం చెబుతుంది? ఇంజిన్లు పట్టాల మీద ఉంచి చూద్దామంటే పాత బోగీల్లోని బల్బులకే బీప్ అంటుంది. బస్ వైరుని, అంటే ట్రాక్ అంతటికీ కరెంటు మోసే ప్రధాన వైరుని, సగానికి విడదీసి చూసినా ఏమీ తేలలేదు. చివరికి గదిలో లైటు తీసేసి, బళ్లని ఒక్కొక్కటిగా నత్తనడకన తిప్పుతూ బల్బు వైపే చూస్తూ కూర్చున్నాను. ఒకే ఒక్క ఇంజిన్, ఒకే ఒక్క పాయింట్ దాటేటప్పుడు బల్బు కన్ను కొట్టింది. వెనక్కి తెచ్చి చేత్తో కొద్దికొద్దిగా తోస్తే, చక్రం ఫ్రాగ్ (పాయింట్‌లో రెండు పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటు) మొనకి రాగానే వెలుగు, దాటగానే చీకటి.

భూతద్దంతో చూస్తే సంగతి తెలిసింది. ప్లాస్టిక్ ఫ్రాగ్ అయిపోయే చోట వ్యతిరేక పోలారిటీ ఉన్న రెండు పట్టాలు దాదాపు ఆనుకునే మొదలవుతాయి. ఆ ఇంజిన్ చక్రం వెడల్పు, ఒకేసారి రెండింటినీ ముట్టుకుంటోంది. పట్టా తల మీద ఆవగింజంత నల్లటి మచ్చ కూడా ఉంది, నిప్పురవ్వ పడిన చోటు. ఎన్ఎంఆర్ఏ (అమెరికా మోడల్ రైళ్ల సంఘం) గేజ్ పెట్టి చూస్తే చక్రాల మధ్య దూరం సరిగ్గానే ఉంది, అంటే తప్పు చక్రాల బిగింపులో లేదు. రెండు పట్టాల మొనలకీ రంగులేని నెయిల్ పాలిష్ పూశాను. బల్బు మళ్లీ వెలగలేదు.

కొన్నాళ్లపాటే లెండి. చక్రాల రాపిడికీ, ట్రాక్ తుడవడానికీ పాలిష్ అరిగిపోతుంది, మళ్లీ పూయాలి. బాగా వాడే పాయింట్ల దగ్గర పట్టాని కాస్త ముందుకి కోసి, ఆ సందులో ప్లాస్టిక్ ముక్క పెట్టాను. దాంతో కరెంటు లేని జాగా పెరిగి చిన్న ఇంజిన్లు అక్కడ నిలబడిపోతున్నాయి.

బల్బు విషయంలోనూ ఉన్నట్టే తెలియదన్నాను కానీ, రెండు సౌండ్ ఇంజిన్లు జోడుగా ఎత్తు ఎక్కేటప్పుడు ఫిలమెంట్ సన్నగా ఎర్రబడుతుంది, బండి మందగిస్తుంది. షార్ట్ కాసేపు అలాగే ఉంటే గాజు చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, అందుకే చెక్కకీ ప్లాస్టిక్‌కీ దూరంగా రేకు మీద బిగించాను. పైగా ఆ రెండు ఆంపియర్లూ ఇరుక్కున్న చక్రంలోంచి పారుతూనే ఉంటాయి, కాబట్టి వదిలేసి పోకూడదు. రివర్స్ లూప్‌లోనైతే (బండి చుట్టు తిరిగి వచ్చిన లైనులోకే చేరే చోటు) బల్బు ఉంటే, షార్ట్‌ని పసిగట్టి పోలారిటీ మార్చే ఆటో రివర్సర్‌కి ఆ షార్ట్ సరిగా అందదు. అక్కడ తీసేశాను.

నాది హెచ్ఓ స్కేల్ (అసలు రైలులో 87వ వంతు), నేనొక్కడినే నడుపుతాను, బ్లాకుకి ఒకటో రెండో బళ్లు. అంతవరకూ నాకు ఇదే చాలు. నలుగురైదుగురు కలిసి నడిపే పెద్ద లేఅవుట్‌కైతే ఎలక్ట్రానిక్ బ్రేకరే పెట్టుకోమంటాను. ఇంకా చిన్నదైన ఎన్ స్కేల్ వాళ్లకి మాత్రం ఈ బల్బు చెప్పడానికి వెనకాడతాను, ఆ చిన్న చక్రాలకి రెండు ఆంపియర్లు ఎక్కువే.